లజ్జను గూర్చిన ఒక లుప్తపదము
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. మా పూర్వులు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవి రద్దైనను ఊరివారు అలవాటుచొప్పున మమ్ము కరణముగారనియే పిలుచుచున్నారు. నేను ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరికవేళల అమరమును, రఘువంశమును, భారతమును తడవుకొనుచు కాలము గడుపుచున్నవాడను. నాకు వచ్చిన కాస్త ఆంగ్లమును ఈ గ్రంథాలయపు బల్లవద్దనే, నిఘంటువు దగ్గర పెట్టుకొని నేర్చుకొన్నదే. అట్టివాడను ఒక ఆంగ్లపదముయొక్క చరిత్ర చెప్పబూనుట సాహసమే. కాని ఆ పదమునకును, ఈ గ్రంథాలయమునకును, నాకును నడుమ ఒక పాత బాకీ యున్నది. ఇరువది యేండ్లుగా తీరని ఆ బాకీని తుదకు చెప్పెదను. ముందు పదము సంగతి చిత్తగింపుడు.

ఆ పదము ‘షేమ్‌ఫాస్ట్’. నేటి ఆంగ్లేయులు దానిని పలుకరు. పెద్ద నిఘంటువులలో మాత్రము ప్రాతపదమను గుర్తుతో పడియున్నది. అందు రెండు ముక్కలున్నవి. ‘షేమ్’ అనగా సిగ్గు. ఇది బడిపిల్లలెరిగినదే. రెండవ ముక్క ‘ఫాస్ట్’. ఈ మాట వినగానే మనకు ఫాస్ట్ ప్యాసింజరు రైలు జ్ఞాపకమునకు వచ్చును, వేగమని తోచును. కాని వేగమను అర్థము తరువాత పుట్టినది. తొలి అర్థము గట్టిగా, కదలక, పట్టు విడువక యుండుట. బట్టల దుకాణములో ‘ఫాస్ట్ కలర్’ అని చెప్పి చీర అమ్ముదురు. ఆ రంగు పరుగెత్తునని కాదు గదా, ఎన్ని ఉతుకులకును విడువదని! ‘స్టెడ్‌ఫాస్ట్’ అను మాటలోను ఈ ‘ఫాస్టే’ యున్నది. నిలిచిన చోటినుండి చలింపనివాడని దాని భావము. ‘సూత్‌ఫాస్ట్’ అని మరియొక మాట యుండెడిది. సత్యమునందు స్థిరముగా నిలిచినవాడని యర్థము. అదియు నేడు వాడుకలో లేదు.

కావున షేమ్‌ఫాస్ట్ అనగా సిగ్గుచేత గట్టిగా కట్టబడినవాడు, సిగ్గునందు స్థిరముగా నిలిచినవాడు. గుంజకు పలుపుతో కట్టిన ఆవు పొరుగువాని చేనిలో నోరు పెట్టదు. అట్లే లోపలి సిగ్గు అను పలుపు ఎవనిని చెడుపనివైపు పోనీయదో వాడు షేమ్‌ఫాస్ట్. ఇచట రెండు సంగతులు గమనింపవలెను. ఈ సిగ్గు చెడుపని జరుగక ముందే పనిచేయునది. మరియు నిది దోషము కాదు, గుణము.

ఈ పదము వయస్సు తక్కువది కాదు. వేయి సంవత్సరములకు పూర్వపు ప్రాచీనాంగ్లమునందే ఈ సమాసము కలదు. 14వ శతాబ్ది చివర విక్లిఫ్ పేర వెలసిన బైబిలు అనువాదమున ఇది కనబడును. చాసర్ మహాకవి తన కాంటర్‌బరీ కథలలో, వైద్యుడు చెప్పిన కథయందు, వర్జీనియా అను కన్య శీలమును వర్ణించుచు దీనిని వాడెను. 1526లో టిండేల్ గ్రీకుభాషనుండి నూతన నిబంధనను ఆంగ్లీకరించి అచ్చొత్తించినప్పుడు, తిమోతికి వ్రాసిన మొదటి లేఖలో, స్త్రీల వేషమును గూర్చి చెప్పినచోట, ఈ గుణమునకు ఈ పేరే పెట్టెను. 1611లో జేమ్స్ రాజు కాలమున వెలువడిన సుప్రసిద్ధానువాదమునందును అచట ఇదే పదము. మూల గ్రీకులోని మాట ‘ఐడోస్’. హెసియడ్ అను ప్రాచీన యవనకవి ఇనుపయుగముయొక్క దుస్థితిని చెప్పుచు, తుదకు ఐడోస్, నెమెసిస్ అను ఇద్దరు దేవతలును తెల్లని వస్త్రములతో దేహములు కప్పుకొని, మనుష్యులను విడిచి దేవలోకమునకు వెడలిపోవుదురని వర్ణించెను. లజ్జయు, అధర్మమును చూచి సహింపని ధర్మాగ్రహమును లోకమును విడుచుటయే పతనమునకు పరాకాష్ఠ యని ఆ కవి భావము. మన పెద్దలు కలియుగమును గూర్చి చెప్పిన మాటలు వినినవారికి ఇది వింత కాదు.

ఈ గుణము స్త్రీలకే చెల్లునని ఎవరైన ననుకొందురేమో. 1590లో స్పెన్సర్ కవి ప్రకటించిన ‘ఫెయిరీ క్వీన్’ కావ్యపు ద్వితీయభాగమున ఒక చక్కని ఘట్టమున్నది. గయన్ అను వీరుడు ఆల్మా యను రాణి మందిరమునకు అతిథిగా పోవును. అచట ఒక కన్య అతనితో మాటాడుటకు సిగ్గిలి, తల యెత్తక, మాటిమాటికి ముఖమెర్రబడ కూర్చుండును. ఈమె కిది యేమి జాడ్యమోయని వీరుడు ఆశ్చర్యపడును. అప్పుడు రాణి అతనికి రహస్యము చెప్పును: నీలోని వినయమునకు ఊట యీమెయే, నీవు షేమ్‌ఫాస్టుడవు, ఈమె సాక్షాత్తు ఆ గుణమే యని. అది విని వీరుడును సిగ్గుపడును. ఖడ్గము పట్టిన యోధుని నిగ్రహమునకు మూలము లోపలి లజ్జ యని ఆ కవి తలంచెనన్నమాట.

ఇంతటి పదమున కేమైనది? ఎవరును చంపలేదు. వినికిడిలోని చిన్న పొరపాటు దానిని మార్చివేసెను. ఆ కాలమున ఆంగ్లమున వర్ణక్రమము స్థిరపడలేదు. ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగ వ్రాసెడివారు. ఫాస్ట్ అను మాటకు ‘గట్టిగా కట్టబడిన’ యను అర్థము ఈ సమాసమున జనులకు మరుగుపడసాగెను. మరి సిగ్గు కనబడు చోటేది? ముఖము. ముఖమునకు ఆంగ్లమున ‘ఫేస్’. కావున షేమ్‌ఫాస్ట్ అనునది వారి చెవికి ‘షేమ్‌ఫేస్డ్’ అని, అనగా సిగ్గు ముఖమువాడని వినిపించెను. 16వ శతాబ్ది మధ్యభాగమునుండి ఈ రూపము గ్రంథములలో కనబడును. తెలియని ముక్కను తెలిసిన ముక్కగా మార్చుకొనుట భాషలన్నిటను జరుగునదే. మన ‘తెలుగు’ శబ్దమునుండియే పండితులు ‘త్రిలింగ’మును కల్పించిరని కొందరు భాషావేత్తలు చెప్పుట మీరు వినియేయుందురు.

కొంతకాలము రెండు రూపములును ప్రక్కప్రక్కనే నడచినవి. షేక్‌స్పియరు వ్రాసిన మూడవ రిచర్డు నాటకమున, రాజసోదరుడైన క్లారెన్సును చంపవచ్చిన ఇద్దరు హంతకులలో ఒకడు, అంతరాత్మ యనునది మనుష్యుని గుండెలో తిరుగుబాటు చేయు సిగ్గరి భూతమని వేళాకోళముగా వర్ణించును. ఆ చోట 1597 నాటి ముద్రణలో షేమ్‌ఫాస్ట్ అని యుండగా, 1623 నాటి బృహత్సంపుటమున షేమ్‌ఫేస్డ్ అని యున్నది. ఒకే నాటకము, ఒకే వాక్యము. ఇరువదియారు సంవత్సరముల నడుమ కట్టు పోయి ముఖము వచ్చినది. బైబిలుకును ఇదే గతి పట్టెను. 1611లో అనువాదకులు వ్రాసిన మాటను తరువాతి ముద్రాపకులు మార్చివేసిరి. 1769లో ఆక్స్‌ఫర్డున సరిచూచి వేసిన ప్రతిలో ‘ఫేస్డ్’ రూపమే యున్నది. తరువాతి ముద్రణలకు ఆ ప్రతియే ఒరవడి యగుటచేత జనుల నాలుకపైనను అదియే నిలిచినది.

ఇది రెండక్షరముల మార్పే కదా, దీనికింత పట్టుదల యెందులకని అడుగవచ్చును. లెక్కలు వ్రాయువారి నడుగుడు. ఒక్క సున్న జారినచో ఆస్తి మారిపోవును. నేటి ఆంగ్లమున షేమ్‌ఫేస్డ్ అనగా నేమి? తప్పు చేసి పట్టుబడి, నలుగురిలో తల దించుకొని నిలుచుండువాని స్థితి. మునుపటి మాట తప్పు చేయనీయని బలమునకు పేరు. వెనుకటి మాట తప్పు చేసిన పిమ్మట ముఖమునకు పట్టిన రంగునకు పేరు. కాపలాదారు ఇంటిముందు కూర్చుండుట వేరు. దొంగలు పడిన పిదప వచ్చి లబలబలాడుట వేరు.

ఈ భేదమును గుర్తించి బాధపడినవారు అచటను లేకపోలేదు. 19వ శతాబ్ది మధ్యకాలమున ట్రెంచ్ అను క్రైస్తవాచార్యుడు నూతన నిబంధనలోని పర్యాయపదములను గూర్చి వ్రాయుచు, మూలములోని గంభీరమైన భావము ఈ మార్పువలన చెడినదని చూపెను. గ్రీకుభాషలో లజ్జకు రెండు మాటలున్నవనియు, ఒకటి సజ్జనుని ఎల్లప్పుడును చెడుపనినుండి ఆపునదనియు, రెండవది అపకీర్తిభయముచేత దుర్జనునిగూడ ఒకానొకప్పుడు ఆపునదనియు ఆయన వివేచించెను. ఈ ట్రెంచ్ మహాశయుడే 1857లో లండనులోని భాషాశాస్త్రసంఘమున ప్రసంగించి, నాటి నిఘంటువులు ప్రాతపదములను విడిచిపెట్టుచున్నవని లోపములెంచెను. ఆ ప్రసంగముల ఫలముగ మొదలైన మహానిఘంటువు 1884లో తొలిభాగముతో ఆరంభమై 1928లో సంపూర్ణమయ్యెను. అదియే ఆక్స్‌ఫర్డు నిఘంటువు. వాడుకనుండి తొలగిన మాటకుగూడ, అది ఎన్నడు పుట్టెను, ఎవరెవరు వాడిరి, ఎట్లు మారెను అని అందు పద్దు వ్రాసియుందురు. లెక్కలవాడనగుటచేత ఆ పని నాకు మిక్కిలి నచ్చినది. కొట్టివేసిన పద్దునుగూడ చింపివేయరాదు, కొట్టివేసినట్లు కనబడవలెను. 1881లో సంస్కరింపబడిన బైబిలున పండితులు ప్రాత పదమును తిరిగి నిలిపిరి. కాని జనుల నాలుక తిరుగలేదు. 1946 నాటి మరియొక అనువాదమున ఆ పదమే లేదు. దానికి మారుగ వినయసూచకమైన సాధారణపదము వేసిరి.

మన వాఙ్మయమున ఈ భేదమున్నదా యని నేను వెదకితిని. ఉన్నది. అమరసింహుడు లజ్జకు మందాక్షము, హ్రీ, త్రప, వ్రీడ అని పర్యాయములు చెప్పి, ఇతరుల నిమిత్తమైన సిగ్గునకు ‘అపత్రప’ యని వేరుపేరు పెట్టెను. మందాక్షమనగా చూపు మందగించుట. అది సిగ్గుయొక్క బయటి గుర్తు. హ్రీ యనునది లోపలిది. భగవద్గీత పదునారవ యధ్యాయమున దైవీసంపదను లెక్కించునప్పుడు హ్రీ అందులో నొకటిగా చేరినది. అది స్త్రీలకని గాని పురుషులకని గాని అచట విభాగము లేదు. బౌద్ధులును హిరి, ఒత్తప్ప అను రెండింటిని లోకమును కాపాడు ధర్మములనిరి. తనను చూచి తాను సిగ్గుపడుట మొదటిది; పాపఫలమునకును, నిందకును జంకుట రెండవది. షేమ్‌ఫాస్ట్ అను మాటకు తెలుగున సరియైన పదము కావలెనన్నచో నేను ‘హ్రీనిష్ఠుడు’ అందును. నిష్ఠ యనగా చలింపక నిలుచుటయే గదా! ఇది నా కల్పన. పండితులు దిద్దుదురు గాక.

ఇక మన వాడుకమాటలను చూడుడు. తలవంపులు, నగుబాటు, ముఖము చెల్లకపోవుట: ఇవన్నియు పని జరిగిన పిమ్మటివి. ‘ఎగ్గూ సిగ్గూ లేనివాడు’ అందుము. ఎగ్గు అనగా కీడు, తప్పు అని ప్రాత అర్థము. ఆ మాట ఒంటరిగా నేడెవరి నోటను వినబడదు. సిగ్గు చేయి పట్టుకొని మాత్రము బ్రతుకుచున్నది. తప్పును తప్పని ఎరుగుట, ఎరిగి వెనుకకు తగ్గుట, ఈ రెండును కలిసినప్పుడే పూర్ణమైన లజ్జ యని మన పల్లెటూరి నుడికారమే చెప్పుచున్నది.

ఇచట ఒక హెచ్చరిక చేయవలెను. బిడియము వేరు, లజ్జ వేరు. చదువురాదని గ్రంథాలయము మెట్లెక్కుటకు జంకుట, చిరిగిన బట్టలున్నవని సభకు రాకుండుట, పేదరికమునకు తల దించుకొనుట, ఇవి లజ్జ కావు. ఇవి ఇతరులు మన మెడకు తగిలించిన బరువులు. వానిని దించివేయవలెను. దింపవలసినదానిని మోసి, మోయవలసినదానిని దింపివేయుటయే మన పొరపాటు.

ఇప్పుడు నా బాకీ సంగతి. మన గ్రంథాలయమునకు ఒక విశ్రాంత ఉపాధ్యాయులు లావుపాటి ఆంగ్లనిఘంటువును దానము చేసిరి. అది ఇచటనే కూర్చుండి చూడవలసినదే గాని ఇంటికి కొనిపోరాదని నియమము. సుమారు ఇరువది యేండ్లక్రిందట ఒక వానాకాలపు సాయంకాలమున కరెంటు పోయినది. నాటి గ్రంథపాలకులు, ఇప్పుడు కీర్తిశేషులు, దీపము తెచ్చుటకు లోనికి పోయిరి. నేను చూచుచున్న పుట ముగియలేదు. రేపు ఉదయమే తెచ్చి యిత్తునని మనస్సునకు నచ్చచెప్పుకొని, గ్రంథమును పైబట్టలో చుట్టుకొని ఇంటికి పోతిని. పుస్తకములో పద్దు వ్రాయలేదు. ఊరందరి పద్దులు వ్రాయు చేయి తన పద్దు వ్రాయలేదు!

మరునాడు వాన. ఆ మరునాడు పని. రెండు నెలలు గడచినవి. ఒకనాడు నేను ఇచటనే వార్తాపత్రిక చదువుచుండగా ఒక విద్యార్థిని వచ్చెను. పట్టణమున పరీక్ష యున్నదనియు, కొన్ని మాటల యర్థములు చూచుకొనవలెననియు, ఆ నిఘంటువు కావలెననియు అడిగెను. గ్రంథపాలకులు అలమారలన్నియు వెదకిరి. బల్లక్రింద చూచిరి. “ఎక్కడికి పోయిందో తల్లీ, మొన్నటిదాకా ఇక్కడే ఉండేది” అని నొచ్చుకొనిరి. ఆ బిడ్డ “పోనీలెండి తాతగారూ” అని నోటుపుస్తకము మూసికొని వెడలిపోయెను. నేను పత్రిక ముఖమున కడ్డముగ పెట్టుకొని కూర్చుంటిని. నోరు పెగలలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి, ‘షేమ్’ అను మాటకు ఏమి వ్రాసియున్నదో చూతమని నిఘంటువు విప్పితిని. దానిక్రిందనే షేమ్‌ఫేస్డ్ అను మాటయు, అది పూర్వము షేమ్‌ఫాస్ట్ అను మాటనుండి మారినదను వివరమును కనబడినవి. నా కథ నాకే చదివి వినిపించినట్లైనది. వానసాయంకాలమున నన్ను పట్టియుంచవలసిన పలుపు లేకపోయెను. ఇప్పుడు మిగిలినది పత్రిక చాటున దాచుకొన్న ముఖమే.

తెల్లవారగనే గ్రంథమును తెచ్చి బల్లపై పెట్టితిని. జరిగినదంతయు చెప్పితిని. గ్రంథపాలకులు చాలసేపు మాటాడలేదు. పిదప పద్దుల పుస్తకము నావైపు త్రిప్పి, “కరణంగారూ, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ రెండూ మీ చేత్తోనే వ్రాయండి” అనిరి. వ్రాసితిని. ఆయన ఎవరికిని చెప్పలేదు. నేనును నేటివరకు చెప్పలేదు. ఆ విద్యార్థినికి కబురు చేయవలెనని తలచితినే గాని అప్పటికే పరీక్ష అయిపోయినది. ఆమె పరీక్ష ఎట్లు వ్రాసెనో అడుగుటకు నాకు ముఖము చెల్లలేదు. ఆ పిమ్మట వారి కుటుంబము ఊరు విడిచి వెడలిపోయెను. ఈ సంచిక ఎప్పుడైన ఆమె చేతికి అందినచో, ఆనాడు అలమారలో లేని గ్రంథము నా యింటనుండెనని ఆమె తెలిసికొనవలెను. నన్ను క్షమింపవలెనని ఈ సభాముఖమున వేడుకొనుచున్నాను.

సోదరులారా, గ్రంథాలయమనునది తాళములమీద నడచునది కాదు. అలమారలు తెరచి, గ్రంథములు చేతికిచ్చి, నీవు తిరిగి తెత్తువని నమ్మునట్టి స్థలమిది. చూచువారు లేనప్పుడు గూడ మనలను పట్టియుంచు సిగ్గే దీనికి గోడ, దీనికి కప్పు. ఆంగ్లేయులు ఆ గుణమునకున్న మంచి పేరును పోగొట్టుకొనిరి. పేరు పోయినంతమాత్రమున గుణము పోవలెనని లేదు. కాని పేరున్నచో పిల్లలకు చెప్పుట సులభము. అందుకే ఈ ప్రాతమాటను నేడు మీ యెదుట పెట్టితిని.

ఆ నిఘంటువు నేటికిని మూడవ అలమారలో, క్రింది వరుసలో నున్నది. అట్ట కొంత చినిగినది. విద్యార్థులు వచ్చి చూడుడు. కూర్చుండి చదువుడు. కరెంటు పోయినచో దీపము వచ్చువరకు ఆగుడు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునుగూడ జరుపుకొనవలెనని కోరుచున్నాను.